ముందున్నవాళ్ళకే గాలి

చెప్పెయ్యాలి, సల్ల తాగేలోపు చెప్పెయ్యాలి, అలియాబాద్‌లో అత్తమ్మ ఆ మజ్జిగ గ్లాసు చేతికిచ్చేలోపే, ఒక్క మాటే కదా, సుచిత్రా ఈ ఏడు నేను పోటీకి రాను, ఇంతే, ఇందులో కష్టమేముంది, మాట నోట్లోనే నానుతోంది గాని బయటికి రావటం లేదు, ఎదురుగా సుచిత్ర సైకిలు వెనక చక్రం తిరుగుతోంది, నా చూపంతా దాని మీదే, జానెడు దూరం, అంతకంటే దగ్గరైతే తగులుతుంది, దూరమైతే గాలి నా మొహాన కొడుతుంది, ముందున్నోళ్ళకే గాలి వదినా, ఎన్కున్నోళ్ళకు సుఖం, నా ఎన్కనే పడి రా అని నేను మళ్ళీ సైకిలెక్కిన మొదటి రోజే చెప్పింది, ఆ సుఖానికి అలవాటు పడి మూడు నెలలుగా నేను షామీర్‌పేట చూడలేదు, చెరువు చూడలేదు, ఔటర్ రింగు రోడ్డు కోసం తవ్విపోసిన ఎర్రమట్టి గుట్టలు చూడలేదు, చూసిందల్లా ఈ చక్రం, దాని మీద అంటుకున్న పేడ, పైన నీలం టీ షర్టులో దాని వీపు, వీపు మీద ఎగిరే జడ, ఆ జడకి రోజూ ఏదో ఒక రంగు రబ్బరు బ్యాండు, ఇవాళ పసుపుది.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, మా ఆయన రవీందర్‌కి చెల్లెలు కాబట్టి సుచిత్ర నాకు సగం మొగుడు, నిజానికి అసలు మొగుడితోకంటే ఈ సగం మొగుడితోనే నాకు తిరుగుడెక్కువ, ఆయన ఈపాటికి మేడ్చల్‌లో ముసుగుతన్ని పడుకుని ఉంటాడు, ఆదివారం తెల్లారుజామున తలుపు తీస్తుంటే ఒక కన్ను తెరిచి, పోయి రాండ్రి, కాళ్ళు చేతులు లెక్కవెట్టుకొని రాండ్రి అంటాడు, పైకి హాస్యమే గాని లోపల దిగులని నాకు తెలుసు, పెళ్ళికి ముందు మేమిద్దరం తుర్కపల్లిలో ఒకే ల్యాబులో పనిచేసేవాళ్ళం, కంపెనీ క్యాబులో పక్క పక్క సీట్లు, ఒకరోజు అద్దంలోంచి చూస్తే రోడ్డు మీద ఒకమ్మాయి సైకిలు మీద వంగి క్యాబుతో పోటీపడి తొక్కుతోంది, డ్రైవరు హారన్ కొడితే నాలుక బయటపెట్టి వెక్కిరించింది, ఎవరండీ ఈ పిల్ల, భలే ఉంది అన్నాను, రవీందర్ సీట్లో కిందికి జారిపోయి, మా చెల్లెనే, జెర మెల్లగ మాట్లాడుండ్రి అన్నాడు, నేను ముందు ఇష్టపడింది చెల్లెల్ని, ఆ తర్వాతే అన్నని, ఈ సంగతి ఆయనకి ఇంతవరకు చెప్పలేదు, చెబితే నవ్వుతాడు, చెప్పొచ్చు.

అది బౌరంపేటలో కొత్తగా కట్టిన స్కూల్లో ఆటల టీచరు, అక్కడి కొలనులో నాకు ఈత నేర్పింది, గోదావరి పక్కన పుట్టినదానివి ఈత రాదా వదినా, సిగ్గులేదా అని నవ్వుతూనే నేర్పింది, గోదావరి పక్కన పుట్టినవాళ్ళం గోదావరిని చూసి దండం పెడతాం గాని దూకుతామా, మా అమ్మ అమ్మాజీ అయితే నదిలో పాదం పెట్టటానికి కూడా ముందు మంచిరోజు చూస్తుంది, ఆ అమ్మకి కూతురు చెన్నై వెళ్ళి సముద్రంలో ఈదుతుంది, తడిబట్టలతోనే సైకిలెక్కుతుంది, సైకిలు దిగి పరిగెడుతుంది అని చెప్పేసరికి, ఇదేం చోద్యమే, ఏదో ఒకటి చాలదా, మూడూ ఎందుకే, వెనకాల ఎవరైనా తరుముతున్నారా అంది, పోటీ ఫిబ్రవరిలో, ఆ తర్వాత కార్తీకం దాకా పోటీలుండవు, దాన్ని మేం ఆఫ్ సీజన్ అంటాం, పోటీలు లేనప్పుడు కూడా ఎందుకు తొక్కుతున్నారే అని అమ్మ అడిగితే జవాబు అత్తమ్మ సిద్దమ్మ ఇచ్చింది, పంట లేనప్పుడే గద వదినమ్మా దుక్కి దున్నేది, పంటప్పుడు దున్నుతరా అంది, వియ్యపురాలి మాటకి అమ్మ ఎదురు చెప్పదు గాని మూతి మాత్రం తిప్పింది.

ఆ దుక్కిలోనే నేను పడ్డాను, ఏప్రిల్ చివర, యాసంగి కోతలు, కరీంనగర్ రోడ్డు మీద తుర్కపల్లి నుంచి అలియాబాద్‌కి వస్తున్నాం, ఆ రోజు నేనే ముందున్నాను, రోడ్డు అంచు నుంచి సగం దాకా ఎవరో వడ్లు ఆరబోశారు, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చారు, వెనక లారీ హారన్, నేను పక్కకి జరిగాను, అంతే, వడ్ల మీద చక్రం జారిపోయింది, సైకిలు ఒకవైపు నేనొకవైపు, భుజం రాయికి కొట్టుకుంది, తల ఇంకో రాయికి, హెల్మెట్ పగిలింది గాని తల పగల్లేదు, నోట్లో వడ్లు, కళ్ళు తెరిస్తే సుచిత్ర ఒళ్ళో ఉన్నాను, కండ్లు తెరువు వదినా, నన్ను జూడు, నేనెవర్నో చెప్పు అని ఏడుస్తోంది, సగం మొగుడివి అన్నానట, నాకు గుర్తులేదు, ఏడుస్తూనే నవ్విందట, ఆ వడ్లు సుక్కమ్మవి, ఆవిడ చీపురు పారేసి ఉరికొచ్చి, అయ్యో బిడ్డా నా వడ్లే నిన్ను పడగొట్టినయా అని నెత్తి కొట్టుకుంది, ఎవర్ని తిట్టను, వడ్లు ఆరబోసుకోవటానికి ఆవిడకి వేరే చోటెక్కడుంది, కాలరు ఎముక విరిగింది, ఎండాకాలమంతా చెయ్యి మెడకి కట్టుకుని కూర్చున్నాను, ఎముక అతుక్కుంది, డాక్టరు సరేనన్నాడు, సైకిలెక్కాను, కానీ ముందుకు రాలేదు, మూడు నెలలుగా ఒక్కసారి కూడా.

ఎవరికీ తెలియని సంగతి ఈ హెల్మెట్ది, కొత్తది, రవీందర్ కొనితెచ్చాడు, ఎర్రగా బాగానే ఉంటుంది, కానీ గదవ కింద క్లిప్పు టక్కుమనగానే నా నోట్లోకి వడ్లు వస్తాయి, నిజంగానే వస్తాయి, ఊకతో సహా, ఆ గరుకు నాలుకకి తెలుస్తుంది, అందుకే సైకిలు ఆగగానే, ఒక్కోసారి ఆగకముందే క్లిప్పు తీసేస్తాను, రైల్వే గేటు దగ్గర ఆగినా తీస్తాను, టీ బండి దగ్గర ఆగినా తీస్తాను, సుచిత్ర చూస్తుంది, ఏంది వదినా, దిగకముందే ఇప్పుతవ్, నెత్తిల పేలు గిట్ల ఉన్నయా అంటుంది, ఉన్నాయి, నువ్వు చూసి పెట్టు అంటాను నేను, అలా నవ్వులోకి తోసేస్తాను, దానికి మాత్రం తెలియదా, తెలిసే ఉంటుంది, అది ఏదీ అడగదు, తనకి తోచిందేదో చేస్తుంది అంతే.

కానీ నిన్న సాయంత్రం అడిగింది, బట్టలు ఆరేస్తుంటే డాబా మీదికి వచ్చి, వదినా, రేపు సల్ల తాగేలోపు నాకు చెప్పాలె, చెన్నైకి వస్తవా రావా, నువ్వు రాకుంటే నేను గూడ పోను, నాకేం పరేషాన్ లేదు, ఖుషీగ ఇంట్ల ఉంట అంది, ఆ ఖుషీగా అన్నమాట అబద్ధమని దాని మొహమే చెప్పింది, అది నా కోసం ఈ ఏడు వదులుకుంటే నేనెలా భరించను, అలాగని వస్తానంటే, పోటీలో నా ముందు ఎవరి చక్రమూ ఉండదు, అక్కడ ఒకరి వెనక ఒకరు నక్కి తొక్కకూడదు, అది నియమం, ఎవరి గాలి వాళ్ళే తినాలి, నావల్ల కాదు, అందుకే చెప్పెయ్యాలి, నేను రాను, నువ్వు వెళ్ళు, నా మీద ఒట్టు అనాలి, ఒట్టు వేస్తే వెళుతుంది, వెళ్ళాక నేనిక్కడ ఆదివారం ఏం చేస్తాను, ముసుగుతన్ని పడుకుంటాను, లోకంలో అందరూ అదేగా చేస్తున్నారు.

తుర్కపల్లి, మా ల్యాబు గేటు, ఇక్కడే మేం వెనక్కి తిరుగుతాం, సుచిత్ర చెయ్యెత్తింది, మలుపు తిరిగాం, తిరిగిన మరుక్షణం అది పక్కకి తప్పుకుని కాలు దించింది, చెయిన్ పడ్డది వదినా, నువ్వు నడువు, మెల్లగ పో, ఏసుకొని వస్త, నేనాగుతాలే అన్నాను, ఆగితే కాళ్ళు పట్టేస్తయి, నడువంటున్న గద అని కసిరింది, సరే, మెల్లగా, ఎదురుగా చక్రం లేదు, ఉత్త రోడ్డు, పొడుగ్గా, నల్లగా, మొహానికి చల్లగాలి తగిలింది, నాలుక గరుకెక్కబోయింది, ఏం లేదు ఏం లేదు, ఆ వేపచెట్టు దాకానే, అక్కడికి వచ్చేస్తుంది, వెనక నుంచి టైరు చప్పుడు, వచ్చింది, రా ముందుకు రా అన్నాను, వస్తున్న వస్తున్న, దమ్ము తీసుకోనియ్యి అంది, సరే దమ్ము తీసుకోనీ, ఆ మైలురాయి దాకా, ఇంతకీ ఎలా మొదలుపెట్టాలి, సుచిత్రా నీతో ఒక మాట, ఛ, అలా అంటే అదేదో పెద్ద విషయమనుకుంటుంది, నవ్వుతూ చెప్పాలి, ఏమే, నువ్వు గెలిచి వస్తే నేను గారెలు వండుతాను అనాలి, దానికి నా గారెలంటే ప్రాణం, ఆంధ్ర వదినకు గీ గారెలు ఒక్కటే వచ్చు అంటూనే పళ్ళెం ఖాళీ చేస్తుంది, గారెల మాట అంటే నవ్వుతుంది, నవ్వాక రాను అని చెప్పాలి, చెబితే నవ్వు ఆగిపోతుంది, ఆ ఆగిపోవటం చూడాలి, అదే కష్టం, పోనీ అత్తమ్మ ముందు చెబితే, అత్తమ్మ నా పక్షం వస్తుంది, రాదు, ఆవిడ ఎవరి పక్షమూ రాదు, తాగుండ్రి, సల్లారిపోతాంది అంటుంది, ఛ, అలా అనదు గదా, అది సల్ల, ముందే చల్లగా ఉంటుంది, నాకే నవ్వొచ్చింది, పక్కనుంచి మా కంపెనీ క్యాబు పోతూ హారన్ కొట్టింది, ఆదివారం షిఫ్టు వాళ్ళు, ఎవరో చెయ్యి ఊపారు, నేను నాలుక బయటపెట్టాను, ఎందుకు పెట్టానో తెలియదు, వచ్చేసింది అంతే, దూరంగా రోడ్డంచున కర్రకి కట్టిన ఎర్రగుడ్డ ఎగురుతోంది, సుక్కమ్మ, నేను పడ్డప్పటి నుంచి వడ్లు పోసినప్పుడల్లా పాత ఎర్ర జాకెట్టు గుడ్డ ఒకటి కట్టి నాటుతుందట, ఈ కారు పంట అప్పుడే రోడ్డెక్కింది, నా ఎడమ చెయ్యి కిందికి దిగి రాళ్ళని చూపించింది, రాళ్ళు అని అరిచాను, రాళ్ళూ అని వెనక నుంచి సుచిత్ర అందుకుంది, పెద్దగా, పాటలాగా, దానికెందుకంత హుషారో, సుక్కమ్మ చీపురెత్తి మమ్మల్ని చూసి ఏదో అంది, గాలికి వినపడలేదు, అవును, గారెల దగ్గర ఆపాను, గారెలు, తర్వాత ఒట్టు, ఒట్టు వేశాక అది ఏమంటుందంటే, సరే వదినా అంటుంది, అదే అసలు భయం.

అలియాబాద్, సందులోకి, కోళ్ళు, బోరింగు దగ్గర బిందెలు, అత్తమ్మ వాకిలి, ఆవిడ కొట్టంలో బర్రె దగ్గరున్నట్టుంది, పాలు పిండే చప్పుడు, సైకిళ్ళు గోడకి చేరేసి చెప్పులు మార్చినట్టు బూట్లు మార్చుకుని, ఉరుకు వదినా జల్దీ, ఆగినవంటే కాళ్ళు కట్టెలైతయి అని సుచిత్ర నా నడుం మీద ఒకటి చరిచింది, పరుగు, మళ్ళీ రోడ్డు మీదికి, సైకిలు దిగి పరిగెత్తటమంటే కాళ్ళు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టుంటుంది, మోకాళ్ళ కింద ఏముందో తెలియదు, మొదట్లో నేను ఏడ్చేదాన్ని, ఇవి నా కాళ్ళు కావే అని, ఎవలియైతే ఏంది, ఉరుకుతున్నయి గద అనేది ఇది, చెరువు కట్ట దాకా వెళ్ళి రావాలి, ఎండ అప్పుడే ఎక్కిందేమిటి, నెత్తి మాడిపోతోంది, చెమట చెవుల పక్కనుంచి ధారగా కారుతోంది, కార్తీకంలో ఇంత ఎండా, కరీంనగర్ బస్సు పోతోంది, కిటికీల్లోంచి తలలన్నీ మా వైపే, కండక్టరు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ చూసి చూసి నవ్వాడు, నవ్వనీ, మొదట్లో ఈ పొట్టి లాగులు చూసి నవ్వేవాళ్ళు, నవ్వి నవ్వి మానేశారు, మళ్ళీ ఎందుకు మొదలుపెట్టారో, వెనక సుచిత్ర కిసకిస, ఏమిటే, ఏం లేదు వదినా, ఉరుకు, కిసకిస, దీనికి పిచ్చి పట్టింది, ఈ నవ్వునేనా నేను ఇంకో పావుగంటలో ఆపబోతున్నది.

కట్ట మీదికొచ్చాం, చెరువు, నిండుగా ఉంది, ఎన్నాళ్ళయిందో చూసి, నీళ్ళ మీద ఎండ, అవతలి గట్టున ఎవరో బర్రెల్ని కడుగుతున్నారు, ఎంత బాగుంది, ఇది ఇక్కడే ఉందా ఇన్నాళ్ళూ, సుచిత్ర పక్కకొచ్చింది, ఇద్దరం ఒకే అడుగులో పడ్డాం, దాని భుజం నా భుజానికి, విరిగి అతికిన భుజానికే, తగులుతోంది, నాకు హఠాత్తుగా ఏడుపొచ్చింది, ఈ పిల్లంటే నాకెంత ఇష్టమో, అక్కాచెల్లెళ్ళు లేకుండా పెరిగినదాన్ని, పెళ్ళయి ఈ ఊరొస్తే భాషే వేరు, గిన్నెల పేర్లే వేరు, మొదటి వారం వంటింట్లో నేను తెల్లమొహం వేసుకుని నిలబడితే ప్రతి గిన్నె పేరూ నా చెవిలో చెప్పిందీ ఇదే, అత్తమ్మకి తెలియకుండా, ఇప్పుడు చెప్పనా, కట్ట మీదే, అత్తమ్మ లేకుండా, ఊపిరి అందటం లేదు, పరిగెడుతూ చెబితే ఏడ్చినట్టుంటుంది, వద్దు, సల్ల దగ్గరే, వెనక్కి తిరిగాం, కాళ్ళు ఇప్పుడు నావే, తేలిగ్గా పడుతున్నాయి, సుచిత్రని దాటాను కూడా, వాకిలి వచ్చేసింది.

అత్తమ్మ గ్లాసులు పట్టుకుని గడప మీద నిలబడి ఉంది, నన్ను చూసింది, గ్లాసులు అక్కడే అరుగు మీద పెట్టేసి నడుం మీద చేతులేసుకుంది, ఏందే బిడ్డా, నెత్తి మీద గా డొప్ప ఏంది, గది పెట్టుకొనే చెరువు దాక ఉరికొచ్చినవా అంది, ఏ డొప్ప అత్తమ్మా, చెయ్యి పైకి పోయింది, గట్టిగా తగిలింది, హెల్మెట్, దేవుడా, హెల్మెట్, ఊరంతా, బస్సంతా, కండక్టరు, కట్ట మీద, హెల్మెట్‌తో పరిగెత్తాను, సుచిత్ర అరుగు మీద కూలబడి పొట్ట పట్టుకుంది, నవ్వు, నవ్వు, ఊపిరాడని నవ్వు, చెప్పొచ్చు కదే, రాక్షసీ, చెప్పబుద్ధి కాలేదు వదినా, మస్తు అందంగ ఉన్నవ్, ఎర్రగ, కోడిపుంజు లెక్క, అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆవిడ భుజాలు కూడా కదులుతున్నాయి, నేనూ నవ్వాను, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా.

నవ్వుతూ నవ్వుతూ క్లిప్పు మీద వేలు పెట్టి ఆగిపోయాను, ఇంకా పెట్టుకునే ఉంది, గదవ కింద, బిగుతుగా, నాలుక మీద వడ్లు లేవు, వెతికాను, నాలుకతో పళ్ళ చుట్టూ వెతికాను, చెమట ఉప్పు తప్ప ఏమీ లేదు, సైకిలు ఆగకముందే తీసేసే దీన్ని ఇవాళ తియ్యటమే మరిచిపోయాను, ఎప్పటి నుంచి మరిచిపోయాను, ల్యాబు గేటు నుంచి, గాలి మొహాన కొట్టింది కదా, ఎండ మొహం మీద పడింది కదా, ఎర్రగుడ్డ నేనే ముందు చూశాను, రాళ్ళు అని అరిచింది నేను, చెయ్యి చూపించింది నేను, వేపచెట్టు దాకా అనుకుని, మైలురాయి దాకా అనుకుని, సుక్కమ్మ వడ్ల పక్కనుంచి, నేను పడ్డ చోటు మీదుగా, అలియాబాద్ దాకా నేనే ముందున్నాను, దమ్ము తీసుకోనియ్యి అంది, దీనికి దమ్మెప్పుడు చాలలేదు గనక, సుచిత్ర సల్ల గ్లాసు అందుకుని తాగుతోంది, స్టీలు గ్లాసు చుట్టూ దాని వేళ్ళు, తెల్లగా, శుభ్రంగా, గోళ్ళ సందుల్లో కూడా నలుపు లేదు, చెయిన్ వేసినవాళ్ళ వేళ్ళు సబ్బుతో తోమినా రెండు రోజులు నల్లగానే ఉంటాయి, అది వచ్చాక చేతులు కడుక్కోను కూడా లేదు, నేను ఆ వేళ్ళని చూస్తున్నాను, నేను చూడటం అది చూసింది, గ్లాసు పట్టుకున్న చెయ్యి మెల్లగా వెనక్కి దాచుకుంది, దొరికిపోయినదాని నవ్వొకటి నవ్వి, మరి చెప్పు వదినా, సల్ల అయిపోవట్టె, ఏం జేద్దాం అంది, గారెలు, ఒట్టు, రాను, అన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి, ఒక్కటీ నాది కాదనిపించింది, ఎవరో భయపడ్డ మనిషి వండిపెట్టిన మాటలు, ఆ మనిషిని నేను తుర్కపల్లి దగ్గరే ఎక్కడో దాటేసి వచ్చాను, భయపడటం మరిచిపోయాను, మరిచిపోవచ్చు దాన్ని, పొయ్యి మీద పాలు మరిచిపోయినట్టు, నెత్తి మీద హెల్మెట్ మరిచిపోయినట్టు, రేపు మళ్ళీ గుర్తొస్తే రానీ, ఒకసారి మరిచిపోయినదాన్ని ఇంకోసారి మరిచిపోలేనా, క్లిప్పు తియ్యకుండానే గ్లాసు అందుకున్నాను, సల్ల చల్లగా గొంతులోకి దిగింది, వస్తాను, చెన్నై వస్తాను, కానీ వచ్చే ఆదివారం పోయేటప్పుడు కూడా నేనే ముందుంటాను, నువ్వు నా వెనకే పడి రా అన్నాను.